మూడు రోజులు కలిసి తింటే చాలన్న డాక్టరుతో

నా మెదడు గురించి మొట్టమొదట మాట్లాడినవాడు మా ఆరో తరగతి లెక్కల మాస్టారు. అది లేదన్నాడు. పెద్దవాళ్ల మాట కాదనకూడదని నేను ఆ ఏడే బడి మానేశాను. ఇరవై ఏళ్ల తర్వాత డాక్టర్ సదాశివంగారు నా తల అటూ ఇటూ తిప్పి చూసి, "ఉందయ్యా, అందరికీ ఉన్నంతే ఉంది" అన్నారు. "కాగితం మీద రాసివ్వండి సార్, మాస్టారింకా బతికే ఉన్నారు" అన్నాను.

చిత్తూరులో ఒక చిన్న అచ్చాఫీసులో నేను కంపోజిటర్ని. సీసపు అక్షరాలను తలకిందులుగా పేర్చి పొట్ట పోసుకుంటాను. డాక్టరుగారు మద్రాసులో ముప్పై ఏళ్లు జనం తలలు తెరిచి, మూసి, రిటైరయి మా ఊరు వచ్చారు. యుద్ధం రోజుల్లో సైన్యంలోనూ పనిచేశారు. దేశాల తగవులకు మెదడు శాస్త్రం ఏం చెప్పగలదో ఎనభై పేజీల పుస్తకం రాసి మా దగ్గరకు తెచ్చారు. అక్షరం అక్షరం పేర్చినవాణ్ణి కనుక ఆ పుస్తకం ఆయన కన్నా నాకే బాగా వచ్చు.

సారం ఇది. దారిలో పాము కనబడితే ముందు గెంతుతాం, తర్వాత అది పామా తాడా అని ఆలోచిస్తాం. దేశాలూ అంతే. ముందు భయం, ఆ వెనక దానికి తగిన కారణాలు. రాయబారులేమో బల్లకి అటూ ఇటూ కూర్చుని కారణాల మీద వాదించుకుంటారు. గెంతిన కాలి సంగతి ఎవరూ ఎత్తరు. కాబట్టి మెదడు తెలిసినవాళ్లను, పిల్లల్ని పెంచినవాళ్లను, మందలు కాసినవాళ్లను, నలుగురు కోడళ్లను ఏలిన అత్తలను కూడా ఆ బల్ల దగ్గరకు పిలవాలి. మాటలు మొదలుపెట్టే ముందు రెండు పక్షాలూ మూడు రోజులు ఒకే పొయ్యి మీద వండుకుని తినాలి. అలా తింటే ఎదుటివాడి మొహం చూడగానే గెంతే గుణం తగ్గుతుంది. ఇది చివరి అధ్యాయం.

"మా ఇంట్లో పదేళ్లుగా ఒకే పొయ్యి సార్, యుద్ధం ఆగలేదు" అన్నాను ప్రూఫులు ఇస్తూ. ఆయన నవ్వారు. నవ్వేవాళ్లంటే నాకు బలహీనత. అందుకే, లంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత పారిపోయి వచ్చినవాళ్ల శిబిరం ఒకటి ధర్మపురి పక్కన ఉందనీ, వాళ్లతో మాట్లాడి ఢిల్లీకి ఒక ఉత్తరం రాయాలనీ ఆయన అన్నప్పుడు వెంట వెళ్లాను. అప్పటికి మన ప్రభుత్వానికీ లంక ప్రభుత్వానికీ మధ్య ఏవో మాటలు నడుస్తున్నాయి. చిత్తూరువాణ్ణి కనుక నాకు తమిళం వచ్చు, నా పని దుబాసీ పని. ముప్పై ఏళ్లు మద్రాసులో ఉన్నా డాక్టరుగారికి వచ్చింది ఆస్పత్రి తమిళమే: నోరు తెరు, కళ్లు మూయి, నొప్పి ఉందా. వీటితో దేశాల మధ్య శాంతి రాదు.

ధర్మపురి

చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ ముప్పై పైసలు, చట్నీ ఎంతడిగితే అంత. మా ఊళ్లో రెండోసారి చట్నీ అడిగితే సర్వరు మన వంశం గురించి ఆలోచిస్తాడు. ఇక్కడ అడగకుండానే పోస్తూ పోతాడు. సాయంత్రం ఇంకో చోట రాగి ముద్ద తిన్నాం. మనం వేరుశనగ పచ్చడో, ఆకుకూరో పెట్టుకుంటాం కదా, వీళ్లు ముద్ద నడుమ గుంట చేసి అనపగింజల పులుసు పోస్తారు. డాక్టరుగారు ముద్దను నమలబోయారు. పక్కనున్న లారీ డ్రైవరు ఆపి, మింగాలని చేతి సైగలతో చూపించాడు. మెదడు గురించి అంత తెలిసినాయనకు గొంతు గురించి చెప్పడానికి లారీ డ్రైవరు కావలసి వచ్చింది.

ఆ ఊళ్లో ఎవరూ లంక గురించి మాట్లాడకుండా లేరు. టీ అంగడి గోడ మీద కాలిన ఇళ్ల ఫోటోలు అతికించి ఉన్నాయి. వాటి కింద కూర్చుని జనం యాభై పైసల టీ తాగుతున్నారు. మేమూ తాగాం.

కడత్తూరు సంత

ఈ జిల్లాలో తరతరాలుగా తెలుగువాళ్లు ఉన్నారని విని డాక్టరుగారు పుస్తకాలు రెండు వందలు కట్ట కట్టించి తెచ్చారు. మోసింది నేను. కడత్తూరు సంతలో చెవి పెడితే నిజంగానే నాలుగడుగులకొకచోట తెలుగు వినబడింది. తాపీపనికి వెళ్లే ఒకాయన చేతిలో పుస్తకం పెట్టాను. దాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూస్తుంటే, మా వృత్తివాడే అనుకుని సంబరపడ్డాను.

"బొమ్మలు లేవా అన్నా?" అన్నాడు.

"ఇది చదివే పుస్తకం అన్నా. తెలుగు."

"తెలుగా ఇది? చూడ్డానికి జిలేబీ పొట్లం మాదిరి ఉండాది. మాకు తెలుగు నోట్లోనే అన్నా, కండ్లల్లో లేదు. ఇస్కూల్లో అంతా తమిళమే కదా."

పక్కవాడూ అంతే, వాడి పక్కవాడూ అంతే. రెండు వందల పుస్తకాలు, ఇన్ని వేల తెలుగువాళ్లు, చదివే కన్ను ఒక్కటి లేదు. మూట మళ్లీ నా నెత్తికెక్కింది. ఆ తాపీమేస్త్రీయే జాలిపడి దారి చెప్పాడు: "పాపారపట్టిలో రాజమ్మక్క అంగడికి పోండి. ఆ క్యాంపుకు సరుకులు ఆమే ఏస్తుంది. మనోళ్లే."

పాపారపట్టి

రాజమ్మక్కకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక చింతపండు, పప్పుల అంగడి తనే నడుపుతోంది. మమ్మల్ని బస్తా మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో తక్కెడ పట్టుకుని, గిరాకీతో తమిళంలోనూ, లోపలున్న తమ్ముడితో తెలుగులోనూ, మాతో రెండూ కలిపీ మాట్లాడింది. అంగట్లో తెలుగు ఎందుకో కాసేపటికి అర్థమైంది. ఎంతకు దిగొచ్చో తమ్ముడు గిరాకీ ఎదుటే అక్కను అడుగుతాడు. అక్క గిరాకీ ఎదుటే చెబుతుంది. అర్థం కానిది గిరాకీకే.

"మోసం కదక్కా ఇది?" అన్నాను.

"మోసమేముంది అప్పా. మీ ఊర్లో గిరాకీ వస్తే ఏం చేస్తారు, లోపలికి పొయ్యి గుసగుసలాడరా? మేము ఆ నడక మిగిలించుకున్నాము."

డాక్టరుగారు పెద్దగా నవ్వి, ఆమెకు తన సిద్ధాంతం అంతా చెప్పారు. ఆమె చింతపండు ఈనెలు తీస్తూ విని, "అయితే సామీ, కలిసి తింటే కొట్లాట రాదంటారు" అంది.

"మెదడుకు అలవాటవుతుందమ్మా. మూడు రోజులు చాలు."

"సరి" అందామె. ఆ ఊళ్లో సరి అంటే ఒప్పుకున్నట్టు కాదని అప్పటికి మాకు తెలియదు.

మర్నాడు పొద్దున సరుకుల బండిలో మమ్మల్నీ ఎక్కించింది. "అడిగేది అడగండి, వాళ్లు చెప్పేది వినండి. కెలకవద్దండి" అంది. అందరూ అందరికీ చెప్పే మాటే కదా అనుకున్నాను.

శిబిరం

ఏరియూరు వైపు పోయే దారిలో, ఊరికి ఎడంగా రేకుల షెడ్లు. గోనె సంచులు అడ్డం కట్టి కుటుంబానికి ఒక గది అనిపించారు. తేయాకు తోటల్లో పుట్టి పెరిగినవాళ్లే ఎక్కువ. మాకు పాలు లేని టీ, అరచేతిలో బెల్లం ముక్క ఇచ్చారు. ముక్క కొరకాలి, గుటక వేయాలి. ప్రభుత్వం ఇచ్చే టీపొడి చూసి కమలం అనే ఆవిడ, "మా తోటలో దీన్ని చెట్లకు వేసేవాళ్లం" అంది. నలభై ఏళ్ల మనిషి, నోరు చురుకు. తమ్ముణ్ణి అల్లర్లలో పోగొట్టుకుంది. మా మాటల మధ్య ఎవరో చెప్పారు, ఆమె చెప్పలేదు.

ఇక్కడి మాటలన్నీ వాళ్లు తమిళంలో అన్నవే. నేను తెలుగులో రాస్తున్నాను.

డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు వింతగా ఉన్నాయి. ముందు ఎవరు భయపడ్డారు? అల్లర్లకు ముందురోజు పక్కింటివాడు మీ కళ్లలోకి చూశాడా? చూపు తప్పించింది ఎన్నింటికి? కానీ వాళ్లకు వింతగా తోచలేదు. ఇన్నాళ్లూ అందరూ ఎంతమంది పోయారు, ఏమేం పోయాయి అని అడిగారట. ఇది ఎవరూ అడగలేదట. ఒకరి తర్వాత ఒకరు చెబుతూ పోయారు. ముప్పై నలభై మంది చేరారు.

తర్వాత ఆయన మాట్లాడారు, నేను తమిళం చేశాను. ఆయన వాక్యాలు మందు చీటీల్లా పొడిగా ఉంటాయి. నేను కాస్త తాలింపు వేస్తూ పోయాను. "భయం వేసినప్పుడు మెదడు పుట్టిన భాషలోకి పరుగెత్తుతుంది" అన్నారాయన. నేను ఇలా అన్నాను: "పాపారపట్టి రాజమ్మక్క పొద్దస్తమానం తమిళంలో చింతపండు అమ్ముతుంది. తేలు కుట్టిందంటే మాత్రం తెలుగే! నేర్చుకున్న భాష అంగడి తెరిచి ఉన్నంతసేపే. తేలు కుట్టినప్పుడు వచ్చేదే అమ్మభాష." అందరూ పడీ పడీ నవ్వారు. అందరికన్నా ఎక్కువ కమలం నవ్వింది. నాకు గర్వంగా ఉంది. అబద్ధం చెప్పను.

కమలం గదికి ఆనుకున్న గదిలో ముత్తయ్య, అతని భార్య సెల్వి ఉంటున్నారు. రెండు గదులకూ కలిపి ఒకటే పొయ్యి, మూడు రాళ్లు. మా టీ కోసం పెద్ద గిన్నెలో నీళ్లు కాస్తున్నది సెల్వే. ఆమె మూగదని చెప్పారు. పుట్టుకతో కాదు, అల్లర్ల నాటి నుంచి. "సార్, మీరు తల డాక్టరు కదా, మా సెల్విని చూడండి" అని డాక్టరుగారి చెయ్యి పట్టుకు లాక్కెళ్లింది కమలమే. ప్రేమగానే. రెండేళ్లుగా ఆమెకు తల దువ్వేది, కూర రుచి చూపించేది తనేనట.

డాక్టరుగారు గొంతు తడిమారు, నాలుక చూశారు, దగ్గమన్నారు. దగ్గులో శబ్దం ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. "గొంతుకు ఏమీ కాలేదు. భయం తాళం వేసింది. ఇలాంటివి చూశాను. ఒక్కసారి మైమరిచి నవ్విందంటే తెరుచుకోవచ్చు."

"వద్దు సార్" అన్నాడు ముత్తయ్య. "ఆమె ఇలాగే ఉండనివ్వండి. నాకు ఇదే చాలు."

"మాట్లాడని పెళ్లాన్ని ఎవడు వదులుకుంటాడు సార్!" అన్నాను నేను.

మళ్లీ అందరూ నవ్వారు. ఆ నవ్వులో ముత్తయ్య మాట కొట్టుకుపోయింది. అతను నా వైపు చూసిన చూపు నాకు ఇప్పుడు కనబడుతుంది, అప్పుడు కనబడలేదు.

"ఇక నీ వంతయ్యా" అన్నారు డాక్టరుగారు. వైద్యశాస్త్రం నన్ను పిలవడం అదే మొదలు. డాక్టరుగారు ముద్ద నమిలింది చూపించాను. అందరూ నవ్వారు, సెల్వి తలవంచుకుని పుల్లలు ఎగదోసింది. మా ఊరి సంతకు వచ్చే మేకను చూపించాను. పెదవి కొస కదిలింది. అది చూసి నాకు పట్టుదల వచ్చింది. చివరికి రివర్సు తీసే బస్సును చూపించాను. బస్సూ నేనే, కండక్టరూ నేనే, "రా రా రా, ఇంకా ఉంది, రా" అని నన్ను నేనే పిలుచుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాను. సెల్వి చేత్తో నోరు మూసుకుంది. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోంది! నేను ఇంకో రెండడుగులు వెనక్కి వేశాను.

ఆమె అరిచింది. గట్టిగా, మూడు నాలుగు మాటలు. అరుస్తూనే నా చొక్కా పట్టుకుని పక్కకు లాగింది. నేను కింద పడ్డాను. నా మడమకు జానెడు దూరంలో పొయ్యి, దాని మీద తెర్లుతున్న నీళ్లు.

డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. "చూశారా! వచ్చింది! మాట వచ్చింది!" ఆయన కళ్లలో నీళ్లు. ఒక్కరే చప్పట్లు కొడుతున్నానని తెలియడానికి ఆయనకు కాసేపు పట్టింది.

ఆమె అన్నది తమిళం కాదు.

అక్కడున్న అందరికీ అదేమిటో తెలుసు. మా ఇద్దరికే తెలియదు. ఆ భాషలో అరుస్తూ వచ్చిన గుంపుల నుంచి పారిపోయినవాళ్లు వాళ్లు.

ముత్తయ్య ముందుకు వచ్చాడు. "తోటలో నేర్చుకుంది. అక్కడ అందరికీ సింహళం వచ్చు కదా. నీకూ వచ్చు కదా కమలక్కా" అన్నాడు.

కమలం చాలాసేపు సెల్వి వైపు చూసింది. కోపంగా కాదు. "వచ్చు తమ్ముడూ" అంది నెమ్మదిగా. "తేలు కుట్టినప్పుడు రాదు."

ఎవరూ గొంతు పెంచలేదు. ఒక్క మాట తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సెల్వి గిన్నె దించి టీ కలిపి గ్లాసుల్లో పోసింది. ఆ గ్లాసులు అందుకున్నది మేమిద్దరమే. కమలం పొయ్యి పక్కనున్న తన అన్నం కుండ తీసుకుని గోనె తెర వెనక్కి వెళ్లింది.

ముత్తయ్య మమ్మల్ని బండి దాకా దిగబెట్టాడు. "తోట పక్క సింహళ ఊరు సార్ ఆమెవాళ్లది. నన్ను చేసుకుందని వాళ్లవాళ్లే మా ఇంటికి మొదట నిప్పు పెట్టారు" అన్నాడు. అంతే అన్నాడు. మేము అడగని ప్రశ్నకు అది జవాబు.

మళ్లీ పాపారపట్టి

జరిగింది విని రాజమ్మక్క తక్కెడ కింద పెట్టింది.

"నాకు ఎప్పుడో తెలుసును" అంది. "సరుకులకు వచ్చినప్పుడు నేను తూకం వేస్తా ఉంటే ఆమె పెదాలు కదులుతా ఉండె. లెక్క పెట్టుకుంటా ఉంది. మూగదానికి పెదాలతో ఏం పని? ఏ భాషో ఏమో, దాచుకోనీ పాపం అనుకుంటిని. భాష దాచుకునేది మాకు తెలీని విద్యనా అప్పా?"

"మాకు చెప్పి ఉండవచ్చు కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

"చెప్తే అది దాచినట్టు ఎట్లయితుంది సామీ?"

తెల్లవారి మళ్లీ వెళ్లాం. ఎందుకు వెళ్లామో నాకు తెలియదు. ఏదో సర్ది చెప్పగలమని కాబోలు. గది ఖాళీగా ఉంది. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మొదటి బస్సుకు వెళ్లిపోయారట. ఎటు వెళ్లే బస్సో చూసినవాళ్లు లేరు. అటు సముద్రం దాటి వెళ్లలేరు, అక్కడ అతను పరాయివాడు. ఇటు ఏ శిబిరానికి వెళ్లినా ఆమె పరాయిది. శిబిరం వదిలితే రేషను లేదు, కాగితం లేదు.

కమలం పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఉంది. రాళ్ల మీద ఏమీ లేదు.

"పొమ్మని మేమెవరమూ అనలేదు" అంది, మేము అడగకముందే. "నా తమ్ముణ్ణి చంపినవాళ్లెవరో నాకు తెలుసు. ఈ పిల్ల కాదని కూడా తెలుసు. ఈ చేతులతో జడలు వేశాను. కానీ రాత్రి తెర అవతల ఆమె దగ్గినప్పుడల్లా నాకు ఒళ్లు బిగుసుకుపోయింది. నేనేం చెయ్యను? మీరే చెప్పారు కదా సార్, భయం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుందని."

నేను తెలుగు చేయలేదు. అవసరం లేకపోయింది. అంత తమిళం డాక్టరుగారికి వచ్చు.

తిరుగు దారి

బస్సు కృష్ణగిరిలో ఆగింది. మామిడికాయల బుట్టలతో ఎక్కిన ఆడవాళ్లు మా కాళ్ల మీద బుట్టలు పెట్టి, మమ్మల్నే కోప్పడి కూర్చున్నారు. ఇంకొకప్పుడైతే అరగంట కబుర్లకు సరిపడే సరుకు.

"రెండేళ్లు కలిసి వండుకున్నారయ్యా" అన్నారు డాక్టరుగారు. "నేను మూడు రోజులు చాలని రాశాను."

"ఆవిడ అరిచింది నన్ను కాపాడటానికి కదా సార్. ఎవడో ముక్కూ మొహం తెలియనివాణ్ణి. అది కూడా ఆలోచన కన్నా ముందే వచ్చింది కదా. అది పుస్తకంలో రాయొచ్చు" అన్నాను. ఆయనను ఓదార్చాలనే.

"రాయొచ్చు. వచ్చినందుకు ఆమెకు ఏమైందో కూడా రాయాలి కదా" అని కిటికీ వైపు తిరిగారు.

ఢిల్లీకి ఉత్తరం రాయలేదు. పుస్తకాల మూట మా అచ్చాఫీసులోనే పడి ఉంది. రెండు దేశాల వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారని పేపర్లో చూస్తుంటాను. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు మెదడు గురించి ఏమీ తెలియదని ఒకప్పుడు వాళ్ల మీద జోకులు వేసేవాణ్ణి. తెలిసినవాళ్లం వెళ్లి ఏం చేశామో చూశాక మానేశాను.

చిత్తూరు

నాలుగు నెలల తర్వాత రాజమ్మక్క తిరుపతి మొక్కు తీర్చుకుని, గుండుతో, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా అచ్చాఫీసుకు వచ్చింది. లడ్డూ ప్రసాదం ఇచ్చింది. కాగితాల కట్ట మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. వాళ్ల కబురేమైనా తెలిసిందా అని అడిగాను. లేదంది. లారీలు తోలేవాళ్లను, సరుకుల ఏజెంట్లను అందరినీ అడిగిందట. ఎక్కడా ఆచూకీ లేదు. కమలం మాత్రం వారానికోసారి అంగడికి వచ్చి, ఏమీ కొనకుండా కాసేపు కూర్చుని వెళుతుందట.

"ఆ సలసల కాగే నీళ్లు నా మీద పడి నేను కాలి ఉన్నా బాగుండేదక్కా" అన్నాను.

రాజమ్మక్క టీ గ్లాసు కింద పెట్టి, గుండు మీదికి కొంగు లాక్కుంది.

"నువ్వు కాలే పని లేదప్పా. వెనక్కి నడిచేటప్పుడు ఒక్కసారి తిరిగి చూసుకొనింటే చాలుండె."